నేర్చుకొను కోరికను కనుగొనుట ఎట్లు?

(అల్వాల్‌లో చిన్న కర్మాగారముల యజమానులను, ఉద్యోగార్థులైన యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



అల్వాల్ ఒకనాడు సికింద్రాబాదు పొలిమేరన నున్న ఊరు. నేడు నగరములో భాగము. రాజీవ్ రహదారి వెంట నున్న తూంకుంట, శామీర్‌పేట మొదలగు ప్రాంతముల నుండి యువజనులు పని వెదకుకొనుచు ఇటు వచ్చుచుందురు. వారిలో పదవ తరగతి ముగించి, పారిశ్రామిక శిక్షణ సంస్థలో రెండేండ్లు ఫిట్టరు పనియో, ఎలక్ట్రీషియను పనియో అభ్యసించినవారు కలరు. సర్టిఫికెట్టు చేతికి వచ్చిన పిమ్మట వారికి ఎదురగునది ఇంటర్వ్యూ.

కేంద్ర ప్రభుత్వము గ్రూప్ సి ఉద్యోగములకును, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగములకును 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలను తొలగించినది. కాని ప్రైవేటు కర్మాగారములలో, దుకాణములలో నేటికిని పది నిమిషముల సంభాషణయే ఒక కుటుంబము బ్రతుకుతెరువును నిర్ణయించుచున్నది. కావున ఆ పది నిమిషములను సద్వినియోగము చేయవలెను.

"పని నేర్చుకొందువా?" అని అడిగినచో కాదను వారెవరు? మాటలు కోటలు దాటును, కాళ్ళు గడప దాటవు. అందుచేత మూడు ప్రశ్నలు వేయుడు. మొదటిది: గడచిన సంవత్సరములో ఎవరును చెప్పకుండ నీయంతట నీవు నేర్చుకొన్నదేమి? పొలములోని పంపుసెట్టు స్టార్టరును విప్పి చూచి బాగుచేసిన కుర్రవాని జవాబులో కోరిక కనబడును. రెండవది: నేడు చేయలేని ఏ పనిని మూడు నెలల తరువాత చేయగోరుచున్నావు? "అన్నియు నేర్చుకొందును" అనుట లక్ష్యము కాదు. "ఒకరి సాయము లేక మోటారు వైండింగు చేయుదును" అనుట లక్ష్యము. ఏలయన, నెరవేరినదో లేదో కంటితో చూడవచ్చును. మూడవది: నీకు కష్టమైనదేది? అప్పుడెవరిని అడిగితివి?

ఈ ప్రశ్నలనే అందరిని, ఒకే వరుసలో అడుగుడు. జవాబులను కాగితముపై వ్రాసికొనుడు. అభ్యర్థికి వచ్చిన భాషలోనే మాట్లాడనిండు. ఆంగ్లము రానంత మాత్రమున నేర్చుకొను శక్తి లేదనుకొనరాదు. బిడియస్థునకు ఒక మీటరు చేతికిచ్చి, వాడుట ఒకసారి చూపి, అతడేమి అడుగునో గమనించుడు. "ఇది నాకు తెలియదు, మరల చూపుడు" అన్నవానిని తక్కువచేయకుడు. పని చెడగొట్టక అడిగి తెలిసికొనువాడు అతడే. ఆడపిల్లను "పెండ్లి ఎప్పుడు?" అని అడుగుట వలన ఆమె పనితనము తెలియదు. "రెండేండ్ల తరువాత సొంత దుకాణము పెట్టుదును" అన్నవానిపై అలుగవలదు. ఆ రెండేండ్లును అతడు శ్రద్ధగా పనిచేయును.

యజమానులారా, లక్ష్యమును అడిగి తెలిసికొన్న పిమ్మట దానికి దారి చూపుట మీ వంతు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము 30 మందికి తక్కువ కాకుండ పనివారున్న సంస్థలు అప్రెంటిసులను తప్పక తీసికొనవలెను. నలుగురు మొదలు 29 మంది వరకు ఉన్నవి ఇష్టమైనచో తీసికొనవచ్చును. తీసికొన్నవానిచేత ఆరు నెలలు టీలు తెప్పించి, గది ఊడ్పించినచో అతని ఉత్సాహము చల్లారును. ఆపై మానివేసి వెళ్ళును. మీరు మరల క్రొత్తవానిని వెదకవలసి వచ్చును. కావున ఇంటర్వ్యూలో చెప్పిన లక్ష్యమును, నేర్పువాని పేరును ఒక కాగితముపై వ్రాసి, మూడు నెలలకు ఇరువురును కూర్చుండి చూచుకొనుడు.

యువజనులారా, మీరును మౌనముగా లేచి రావలదు. "నాకు పని నేర్పువారెవరు? ఏ యంత్రముపై నేర్పుదురు?" అని మర్యాదగా అడుగుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. ఇంటర్వ్యూకు బయలుదేరుటకు ముందు రాత్రి, మీరు నేర్చినదానిని, నేర్వగోరుదానిని రెండు వాక్యములలో వ్రాసికొని, ఇంటివారి ఎదుట ఒకసారి బిగ్గరగా చెప్పి చూడుడు.