నెల్లూరు నుంచి నటాల్‌కి వెళ్లిన పాస్టర్: పరాయి దేశంలో ఆ పది మంది ఎందుకు ముఖ్యం?



మా ఉప్పుగూడ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ గల్లీలోకి వెళ్లినా గల్ఫ్ మాట వినిపిస్తది. ఒకరి అన్న దుబాయ్‌లో, ఒకరి అక్క కువైట్‌లో. పక్కనే ఉన్న బార్కస్ రివర్స్ కేసు. నిజాం సైన్యంలో పనికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. ఎవరు ఎక్కడికి వెళ్లినా ముందు పని చూసుకుంటారు, తర్వాత తమ భాష మాట్లాడే నలుగురిని వెతుక్కుంటారు. ఈ ఎపిసోడ్ ఆ నలుగురి గురించే. అంటే, పరాయి దేశంలో వలస కూలీలు కట్టుకునే చిన్న చిన్న చర్చి సంఘాల గురించి.

ఈ టాపిక్ అనగానే అందరికీ ఫిలిప్పీన్స్ వాళ్లే గుర్తొస్తారు. కరెక్టే. హాంకాంగ్‌లో ఇళ్లల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల కోసం 1981లోనే సెయింట్ జాన్స్ కెథెడ్రల్‌లో ఒక మిషన్ మొదలైంది. ప్రార్థన ఒక్కటే కాదు, జీతం ఇవ్వకపోతే కేసు వేయడానికి సాయం, రోడ్డున పడితే తలదాచుకోవడానికి చోటు, అన్నీ చూస్తారు. కానీ ఫ్రెండ్స్, మన తెలుగువాళ్లు తమ వలస కూలీల కోసం 1903లోనే మనిషిని పంపించారు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911 దాకా 1,52,184 మంది భారతీయులు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్లారు. చెరుకు తోటలు, టీ తోటలు, గనులు, రైల్వే పనులు. చిత్తూరు వైపు నుంచి, విశాఖ వైపు నుంచి మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. పర్మిషన్ చీటీ లేకుండా తోట దాటి పోకూడదు. తర్వాత 1895 చట్టంతో ఇంకో దెబ్బ. ఒప్పందం అయ్యాక మళ్లీ కూలీగా చేరకుండా, ఇండియాకి తిరిగి రాకుండా అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను. లెక్క వేయండి. పౌండుకి 20 షిల్లింగులు, అంటే 60 షిల్లింగులు. మొదటి ఏడాది కూలీ జీతంలో ఆరు నెలలది!

వాళ్లలో కొంతమంది నెల్లూరు, ఒంగోలు వైపు తెలుగు బాప్టిస్టులు. అప్పటికే ఆ ప్రాంతంలో అమెరికన్ మిషన్ పని బలంగా ఉంది. కరువు కాలం తర్వాత, 1878 జులై 3న, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు. నటాల్‌లో ఉన్న తమవాళ్లకి తెలుగులో వాక్యం చెప్పే మనిషి కావాలంటే, ఈ తెలుగు సంఘాల హోమ్ మిషన్ సొసైటీయే జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా ఓడ ఎక్కించింది. మిషనరీ అంటే అమెరికా నుంచి వచ్చిన తెల్లదొర అనుకుంటాం కదా, ఇక్కడ పేద తెలుగు సంఘాలే సముద్రం దాటి మిషనరీని పంపించాయి!

1903 డిసెంబర్‌లో కియర్స్నీ అనే టీ ఎస్టేట్‌లో మొదటి తెలుగు బాప్టిస్ట్ సంఘం ఏర్పడింది. తర్వాత డర్బన్, స్టాంగర్, ఇలా ఇంకొన్ని చోట్ల. రంగయ్య గారు వారం రోజులు మీటింగులు పెట్టి తిరిగి రాలేదు. 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. మన హిందూ తెలుగువాళ్లు కూడా అక్కడ కలిసి నిలబడ్డారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మతం ఏదైనా అవసరం ఒక్కటే.

ఇప్పుడు నా బీటెక్ బుర్రతో ఒక మాట చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్కటి పోతే సిస్టమ్ మొత్తం పడిపోద్ది. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసే అక్క పరిస్థితి ఆలోచించండి. వీసా యజమాని చేతిలో, జీతం యజమాని చేతిలో, పడుకునే గది, తినే తిండి కూడా అదే ఇంట్లో. ఆ యజమాని మంచోడైతే సరే. కాకపోతే? ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే ఆ పది మంది సంఘం ఆమెకి బ్యాకప్. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. అక్కడ తెలుగుతో పాటు ఎన్నో భాషల సంఘాలు టైమింగ్స్ పంచుకుని ఆరాధన చేసుకుంటాయి, ఎక్కువగా శుక్రవారం. ఆ రోజు రావాల్సిన అక్క రాలేదంటే ఎవరో ఒకరు అడుగుతారు, "ఆమె ఏది?" అని. ఆ ఒక్క ప్రశ్నే మనిషిని కాపాడొచ్చు.

కానీ ఆమెకి సెలవే దొరక్కపోతే? కువైట్‌లో 68/2015 చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకి వారానికి ఒక రోజు సెలవు హక్కు. పని రోజుకి 12 గంటలు మించకూడదు. ఈ సంగతి వెళ్లేవాళ్లకి ఇక్కడే చెప్పాలి, విమానం ఎక్కాక కాదు.

మరి ఇక్కడి చర్చిలు ఏం చేయొచ్చు? గల్ఫ్ టూర్ వేసి, కానుక పట్టి, రీల్ పెట్టి వచ్చేస్తే ఆ పది మందికి ఏం ఒరుగుతది? దానికన్నా ఊర్లో వాళ్ల ఇంటికి వెళ్లి పిల్లలు ఎలా చదువుతున్నారో చూడండి. ఎవరికైనా జీతం ఆగితే మదద్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టడంలో సాయం చేయండి. ఎవరైనా చనిపోతే శవం ఇంటికి చేరేదాకా కుటుంబం పక్కన ఉండండి.

వెళ్లేవాళ్లకి మూడు మాటలు. ఒకటి, ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉంటే ఈ-మైగ్రేట్ ద్వారానే వెళ్లండి. ఇంటి పనికి విజిట్ వీసా మీద అస్సలు వెళ్లొద్దు. రెండు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం ఇంట్లో ఒక కాపీ పెట్టండి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల కవర్ ఉంటది. మూడు, అక్కడి రూల్స్ తెలుసుకోండి. కువైట్‌లో చర్చి ఉంది కదా అని సౌదీలో ఉండదు. పర్మిషన్ ఉన్న చోటే కూడుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా బయటి దేశంలో ఉంటే ఈ రోజు ఫోన్ చేయండి. "డబ్బులు పంపావా" అని కాదు, "అక్కడ నీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు, వాళ్ల నంబర్ ఇవ్వు" అని అడగండి. ఆ నంబర్ మీ దగ్గర సేవ్ చేసుకోండి.

మీవాళ్లకి అక్కడ అండగా నిలబడిన సంఘం ఏదైనా ఉంటే కామెంట్లలో రాయండి, మనుషుల పేర్లు మాత్రం పెట్టకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త!