ఇంటికి ఫోను కావాలా, వద్దా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి నాతో మాట్లాడించేవారు. ఈసారి కార్యదర్శిగారు "మాస్టరుగారూ, ఇంటింటికీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. సభ్యుల చిరునామాల పుస్తకం సరిచేస్తుండగా ఆ సంగతి మా ఇద్దరికీ ఎదురుగానే కనిపించింది. పాత పుస్తకంలో చాలా పేర్ల పక్కన ఇంటి ఫోను నెంబరు ఉంది. ఇప్పుడు ఆ నెంబర్లకు చేస్తే చాలావాటికి జవాబే లేదు. సెల్లు వచ్చాక ఇంటి ఫోను అవసరం తీరిపోయిందా? ఉన్నవాళ్లు తీసేయవచ్చునా? లేనివాళ్లు పెట్టించుకోవాలా? దీని మీదే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. నేను ఉర్దూ మీడియం పంతులును గనుక మాటల మధ్యలో ఉర్దూ దొర్లితే మీరే సర్దుకోవాలి.

ముందు ఆ జమానా సంగతి పిల్లల కోసం కొంచెం చెబుతాను. మన దేశంలో 1882 జనవరిలోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు మొదలయ్యాయి. కానీ అది మామూలు మనిషి ఇంటికి రావడానికి నూరేళ్లు పైనే పట్టింది. 1991లో కూడా దేశం మొత్తం మీద ఉన్న ఫోన్లు 50 లక్షల దరిదాపు మాత్రమే. దరఖాస్తు పెట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూసేవాళ్లు. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి, ఎప్పుడు కలుస్తుందా అని కూర్చునేవాళ్లు. తర్వాత పసుపు పచ్చ బోర్డులతో ఎస్.టి.డి. బూత్‌లు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అప్పుడే వెళ్లి వరుసలో నిలబడేవాళ్లం. ఆ బూత్‌ల మీద ఎందరో వికలాంగ సోదరులు సంసారాలు నడుపుకున్నారు.

మన ఇళ్లలో దీనికి ఇంకో కథ ఉంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుండి కువైట్‌కు, హైదరాబాదు నుండి సౌదీకి, నిజామాబాదు, కరీంనగర్ల నుండి దుబాయికి వెళ్లిన వాళ్ల ఇళ్లకు కబురు రావాలంటే ఉత్తరమైనా రావాలి, మాటలు రికార్డు చేసిన క్యాసెట్ అయినా రావాలి. వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో ఫోను ఉంటే "శుక్రవారం సాయంత్రం అమ్మీని అక్కడికి రమ్మనండి" అని కబురు పెట్టేవాళ్లు. తల్లి గంట ముందే వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చునేది. అంటే ఒక ఇంటి ఫోను పది ఇళ్ల ఫోను.

తర్వాత రోజులు మారాయి. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ కలకత్తా నుండి ఢిల్లీకి వెళ్లింది. 2003 దాకా మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి గనుక సెల్లు పెద్దవాళ్ల వస్తువుగానే ఉండింది. ఆ సంవత్సరం నుండి ఇన్‌కమింగ్ ఉచితం కావడంతో ఇంటింటికీ వచ్చేసింది. ల్యాండ్‌లైన్లు 2006 ప్రాంతంలో 5 కోట్ల దరిదాపుకు చేరి, అక్కడి నుండి దిగడం మొదలుపెట్టి, 2020 నాటికి 2 కోట్ల దరిదాపుకు వచ్చాయి. సెల్లు కనెక్షన్లేమో 110 కోట్లు దాటాయి. ఈ లెక్క చూసి "ఇంకెందుకండీ ఆ పాత డబ్బా" అంటారు చాలామంది. ఆ మాటలో సగం నిజం ఉంది. కానీ ల్యాండ్‌లైన్ల లెక్క ఆ తర్వాత మళ్లీ పెరిగి 2024 నాటికి 3 కోట్లు దాటింది. ఎందుకు పెరిగిందంటే, ఇంటర్నెట్ కోసం ఫైబర్ పెట్టించుకున్నవాళ్లకు దానితోపాటే ఫోను కూడా వస్తోంది గనుక.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పాత ల్యాండ్‌లైను రెండు రాగి తీగల మీద నడుస్తుంది. దానికి కావలసిన కరెంటు, సుమారు 48 వోల్టులు, మన ఇంటి మీటరు నుండి రాదు. ఎక్స్‌ఛేంజీలో ఉన్న బ్యాటరీల నుండి అదే తీగల మీద వస్తుంది. అందుకే వీధి అంతా చీకటైనా ఫోను మాత్రం పలికేది. ఫైబర్ ఫోను అలా కాదు. గాజు తీగలో వెలుగు పోతుంది తప్ప కరెంటు రాదు. గోడకు పెట్టిన చిన్న పెట్టెకు మన ఇంటి కరెంటే కావాలి. కరెంటు పోతే ఇంటర్నెట్టూ పోతుంది, ఫోనూ పోతుంది. ఇన్వర్టరుకో, చిన్న యు.పి.ఎస్.కో ఆ పెట్టెను కలిపితేనే నిలుస్తుంది. "మాకు ల్యాండ్‌లైన్ ఉందండీ, భయం లేదు" అనుకునేవాళ్లు అది రాగిదో ఫైబరుదో ముందు తెలుసుకోవాలి. రాగి లైను ఉన్నా కార్డ్‌లెస్ ఫోను పెట్టుకుంటే దానికీ ఇంటి కరెంటే కావాలని మరిచిపోకండి.

సెల్లు టవరు సంగతీ ఇంతే. దానికి బ్యాటరీ ఉంటుంది, జనరేటరు ఉంటుంది. కొన్ని గంటలు గడిచాక డీజిలు పోసేవాళ్లు రాకపోతే అదీ ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, సెల్లులు మూగబోయాయి, అయినవాళ్ల క్షేమం తెలియక జనం అల్లాడిపోయారు. అలాగని రాగి లైనుకు మహిమ ఉందని చెప్పడం లేదు. స్తంభం పడితే దాని తీగా తెగుతుంది, గుంతలో నీళ్లు నిండితే దాని కేబులూ చెడుతుంది. ఏ ఒక్కదాన్నీ నమ్ముకుని కూర్చోకూడదని మాత్రమే నా మనవి.

బ్రిటన్‌లో పాత రాగి టెలిఫోను వ్యవస్థను 2025 ఆఖరుకు మూసేద్దామని అనుకున్నారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఆపదలో నొక్కే అలారం బిళ్లలు అప్పటికి చాలావరకు ఆ లైన్ల మీదే పనిచేసేవి. వాళ్లకు ప్రమాదం రాకూడదని గడువును 2027 జనవరి దాకా జరిపారు. అంత సంపన్న దేశంలో కూడా ప్రశ్న చివరికి ముసలితల్లి దగ్గరకే వచ్చి ఆగింది. మన ప్రశ్న కూడా అక్కడే ఉంది.

మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలుస్తాం, ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఖరీదైన టచ్ ఫోను పంపించాడు, రోజూ వీడియోలో ముఖం చూస్తాడు, ఏ లోటూ చేయలేదు. ఒక రాత్రి స్నానాల గది గడప దగ్గర కాలు జారి పడింది. ఫోను చేతికి అందింది, కానీ వేలు తడిగా ఉండి తాళం తెరుచుకోలేదు. కొడుకు కాల్ వచ్చింది. మోగుతూనే ఉంది, తెర మీద వేలు జరిపినా పట్టలేదు. అమ్మీ నిద్రపోయిందనుకుని కొడుకు ఊరుకున్నాడు. తెల్లవారి పాలు పోసే అబ్బాయి మూలుగు విని మమ్మల్ని పిలిచాడు. తుంటి ఎముక విరిగింది. ఖాలా బతికి బాగానే ఉంది, కానీ ఆ రాత్రంతా ఆమె గడిపిన గంటలకు జవాబు ఎవరు చెబుతారు?

ఆ ఇంట్లో ఫోను లేకపోలేదు. అందరికంటే మంచి ఫోనే ఉంది. లేనిది ఆ వయసు మనిషి ఆ స్థితిలో వాడగలిగిన ఫోను. తాళం వేసిన తెర మీద నుండే అత్యవసర నెంబరు నొక్కవచ్చునన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. బటన్ల ఫోను అయితే చీకట్లో తడుముకునైనా నొక్కేది. పాత ల్యాండ్‌లైను ఉన్నా, హాల్లో ఎత్తు బల్ల మీద పెట్టి ఉంటే నేల మీద పడిన మనిషికి అందదు. కాబట్టి ఏ ఫోను అన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉంది, ఎవరి చేతికి అందుతుంది అన్నదీ అంతే ముఖ్యం.

ఇంకొక మాట. దీనికి పరదాకు అటువైపు కూర్చున్న అక్కచెల్లెళ్లు అవునంటారనుకుంటాను. ల్యాండ్‌లైను ఇంటిది, సెల్లు మనిషిది. మనిషి బయటికి పోతే సెల్లూ బయటికి పోతుంది. మన ఇళ్లలో నలుగురికి నాలుగు ఫోన్లు ఉన్నచోట చిక్కు లేదు. ఒకటో రెండో ఉన్నచోట మగవాడి ఫోను దుకాణానికి వెళ్తుంది, పిల్లవాడి ఫోను కాలేజీకి వెళ్తుంది. ఇంట్లో కోడలు, పసిబిడ్డ, ముసలి అత్త మిగులుతారు. పదింటికి బిడ్డకు జ్వరం వచ్చి మూర్ఛ వస్తే ఆమె ఎవరింటి తలుపు తట్టాలి? ఇంటి ఫోను తీసేసినప్పుడు పోయింది డబ్బా ఒక్కటే కాదు, ఇంట్లో ఉండిపోయే మనిషికి ఉన్న హక్కు కూడా.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. తరగతిలో "మీ అబ్బా నెంబరు చూడకుండా చెప్పండి" అంటే చాలామంది దిక్కులు చూస్తారు. అది ఫోనులో ఉంది, బుర్రలో లేదు. ఇంటి నెంబరు ఉన్న రోజుల్లో ఒకటో తరగతి పిల్లవాడు కూడా దాన్ని ఎక్కంలా అప్పజెప్పేవాడు.

ఇక ఏం చేయాలి? ఎవరి ఇంటికి ఏది తగునో నాకు తోచినట్లు చెబుతాను.

ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, ఫోను పథకంలోనే కలిసి ఉందేమో అడగండి. చాలా పథకాల్లో ఉంటుంది. ఉంటే బటన్ల ఫోను ఒకటి కొని ఆ పెట్టెకు తగిలించండి. నెలకు అదనపు ఖర్చు లేకుండా ఇంటికి నెంబరు ఉంటుంది. గల్ఫ్‌లో మనవాళ్లు ఉన్న ఇళ్లకు వీడియో కాల్స్ కోసం ఇంటర్నెట్ ఎలాగూ కావాలి కదా. పెట్టెకు యు.పి.ఎస్. పెట్టడం మాత్రం మరవద్దు.

ఇంటర్నెట్ లేదు, రాగి లైను ఉంది, బాగా పనిచేస్తోంది, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు అంటే ఉంచుకోండి. గోడలు మందంగా ఉండి లోపల సిగ్నల్ అందని పాత ఇళ్లవాళ్లు కూడా ఉంచుకోండి. లైను నెలల తరబడి చచ్చి ఉండి బిల్లు మాత్రం కడుతుంటే అది దండగ. వ్రాతపూర్వకంగా రద్దు చేయించి, కట్టిన డిపాజిట్ తిరిగి అడగండి. అంతకు ముందు ఆ నెంబరు గ్యాసులో, బ్యాంకులో, బడిలో ఎక్కడెక్కడ ఇచ్చారో మార్పించండి.

ఈ రెండూ లేనివాళ్లు మామూలు బటన్ల సెల్లు ఒకటి తీసుకుని దానికి "ఇంటి ఫోను" అని పేరు పెట్టండి. అది గడప దాటకూడదు. ఒకే చోట, చేతికి అందే ఎత్తులో, ఛార్జింగులో ఉండాలి. మాటలకు, సందేశాలకు మాత్రమే పనికొచ్చే రీఛార్జి పథకాలు పెట్టాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. ఇంటి ఫోనుకు ఇంటర్నెట్ డబ్బు కట్టనక్కర్లేదు.

ఏ ఫోను పెట్టినా పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో, ఉర్దూలోనూ తెలుగులోనూ, నెంబర్లు వ్రాసి అంటించండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, ఆన్‌లైన్ మోసానికి 1930, తర్వాత కొడుకుది, కూతురుది, పక్కింటివాళ్లది. ల్యాండ్‌లైన్ పక్కన అంటిస్తే సెల్లు నెంబర్లకు ముందు సున్నా వేసి వ్రాయండి. 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైన్ నుండి సెల్లుకు చేయాలంటే సున్నా తప్పనిసరి. ఇది తెలియక "కలవడం లేదు నాయనా" అనే పెద్దవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

చివరగా సంఘానికి ఒక సూచన. మన సభ్యుల ఇళ్లలో పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. యువజన విభాగం పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఫోను పలుకుతోందో లేదో చూసి, చీటీ గోడకు అంటించి, ఒకసారి వాళ్ల చేతనే నొక్కించి చూసి రావాలి. కొత్త చిరునామాల పుస్తకంలో ప్రతి సభ్యుని పేరు పక్కన రెండు నెంబర్లు అచ్చువేయాలి: ఒకటి ఆయన జేబులోది, రెండవది ఇంట్లో ఉండేది. రెండవ గడి ఖాళీగా ఉన్న ఇల్లు ఏదో మనకు ఆ పుస్తకమే చూపిస్తుంది. ఆ ఇళ్లకు ముందుగా వెళదాం.