పరుల రచన – మన బాధ్యత

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి.

సూర్యలంక తీరాన ఆరవేసిన వలకు కాపలా లేకపోయినా, దానిని ఎత్తుకుపోవడం హరామ్ అని మనమెరుగుదుము. మరి ఒకరు ఏళ్ళ తరబడి శ్రమించి వ్రాసిన ధార్మిక గ్రంథాన్ని, అనుమతి లేకుండా పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంచుతూ పుణ్యమనుకుంటున్నామే!

పరుల సొమ్మును అక్రమంగా తినరాదన్న నిసా సూరా 29వ ఆయత్ ఆదేశం సదుద్దేశంతో సడలిపోదు. రచయిత హక్కులకు షరీఅత్ రక్షణ ఉందని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్‌లో తీర్మానించింది. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం రచయిత మరణానంతరం కూడా 60 ఏళ్ళు ఆ హక్కును కాపాడుతుంది. సొంత అధ్యయనానికి సముచిత వినియోగాన్ని మాత్రం అనుమతిస్తుంది.

కనుక పంచే ముందు అనుమతి అడగండి. రచయితే ఉచితంగా ఉంచితే ఆ లింకునే పంపండి. తోటి దాసుని హక్కు విషయంలో తౌబా ఒక్కటే చాలదు. హక్కుదారుని క్షమాపణ కూడా కోరాలి.

అల్లాహ్ మనలను హలాల్‌పై స్థిరపరచుగాక! ఆమీన్.