ఏడుపు పాటకు కిన్షాసా గిటారు



ఈ పూట ఒక ఏడుపు పాటతో మొదలుపెడదాం. ఇటాలియన్ పాట అది. పేరు ‘లాషా కియో పియాంగా’, అంటే ‘నన్ను ఏడవనివ్వు’ అని. 1711లో లండన్‌లో ఆడిన ‘రినాల్డో’ అనే ఒపేరాలోది. కట్టినవాడు హాండెల్, అప్పటికి అతనికి 26 ఏళ్లు. అల్మిరేనా అనే పిల్ల ఒక మాంత్రికురాలి చెరలో చిక్కుకుని, పోయిన స్వేచ్ఛను తలచుకుని ఏడుస్తుంది. ఏడుపు అన్నాను గానీ అరుపులూ ఆర్భాటాలూ ఏమీ ఉండవు. గొంతు ఒకటి రెండు మాటలు పలికి ఆగుతుంది. మళ్ళీ ఒకటి రెండు మాటలు, మళ్ళీ మౌనం. దుఃఖమంతా ఆ మౌనాల్లోనే ఉంటుంది.

ఆ పాటను ఈసారి విన్నప్పుడు చేత్తో తాళం వేసి చూడండి. మూడు దెబ్బల నడక, బరువేమో రెండో దెబ్బ మీద పడుతుంది. ఆ నడక పేరు సారబాండ్. అది నృత్యం. హాండెల్ కూడా 1705లో ‘అల్మీరా’ అనే ఒపేరాలో ఈ వరసను మొదట నృత్యానికే వాడాడు. సారబాండ్ ప్రస్తావన మొట్టమొదట కనిపించేది 16వ శతాబ్దపు మధ్య అమెరికాలో. అక్కణ్ణుంచి సముద్రం దాటి స్పెయిన్ చేరింది. అప్పుడది చురుకైన ఆట. అసభ్యంగా ఉందని 1583లో స్పెయిన్‌లో నిషేధించారు. తర్వాత యూరప్ రాజాస్థానాల్లో మెల్లమెల్లగా నెమ్మదించి, చివరికి ఒక బందీ కన్నీటికి నడక అయింది. అంటే హాండెల్ కాలపు యూరప్ సంగీతాన్ని, బరోక్ సంగీతం అని మనం పెద్దమనిషిలా చూసేదాని రక్తంలోనే సముద్రాలు దాటిన తాళాలున్నాయి.

ఇప్పుడు కాంగో నది ఒడ్డుకు, కిన్షాసా నగరానికి రండి. ఆ నగరపు సంగీతం రుంబా. దానికీ ఇలాంటి ప్రయాణమే ఉంది. కాంగో ప్రాంతం నుంచి బానిసలుగా ఓడలెక్కించి తీసుకుపోయిన మనుషులు తమ లయలను క్యూబాకు మోసుకెళ్ళారు. వందల ఏళ్ల తర్వాత, 1930లు 40లలో, క్యూబా పాటలు గ్రామఫోను రికార్డులై అదే కాంగోకు తిరిగొచ్చాయి. అక్కడివాళ్ళు వాటిని ఇంటికొచ్చిన బిడ్డల్లా చేరదీసి, గిటార్ల మీద తమ భాషల్లో కొత్తగా కట్టుకున్నారు. 2021లో యునెస్కో ఈ రుంబాను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఆ బరోక్, ఈ రుంబా ఒకే వేదికమీద కలిసిన ప్రదర్శన 2014లో వచ్చింది. పేరు ‘కూ ఫతాల్’. కాంగో దేశపు గాయకుడు సెర్జ్ కకూజి, కిన్షాసా వాద్యకారులు, గిటారిస్టు రోడ్రిగెజ్ వంగామా, బెల్జియం స్వరకర్త ఫాబ్రిజియో కాసోల్, దర్శకుడు అలాన్ ప్లాటెల్ కలిసి చేసిన పని. కకూజి పాడేది మాంటెవర్డీ, హాండెల్, ఆ తర్వాతి తరానికి చెందిన గ్లూక్ అనే స్వరకర్తల పాటలు. కానీ వెనక వయొలిన్ల బృందం లేదు. ఎలక్ట్రిక్ గిటారు ఉంది, చెక్క పలకల బలఫోన్ ఉంది, బొటనవేళ్లతో మీటే లికెంబె ఉంది, డ్రమ్ములున్నాయి. వేదిక మీద శిల్పి ఫ్రెడీ సింబా చేసిన తెర వేలాడుతుంది, అది వాడేసిన తూటాల తొడుగులతో కట్టినది. దాని ముందు నీలం ప్లాస్టిక్ కుర్చీలు. యుద్ధాలు చూసిన దేశం అది. ఆ తూటాల తెర ముందు నిలబడి ఒక మనిషి స్వేచ్ఛ గురించి పాడితే, మూడు వందల ఏళ్ల నాటి మాట నిన్నటిదిగా వినిపిస్తుంది.

కకూజి గొంతు మొదటిసారి వింటే మీకు వింతగా తోచవచ్చు. మగవాడు, ఆడగొంతు ఎత్తులో పాడతాడు. కౌంటర్‌టెనర్ అంటారు. దొంగగొంతు అని తీసిపారేయకండి. ఏళ్ల తరబడి సాధన చేసి నిలబెట్టుకున్న గొంతు అది. బరోక్ ఒపేరాలో వీరుల పాత్రలను చాలావరకు ఈ ఎత్తులోనే పాడేవారు.

మరి ఇంత దూరపు రెండు సంగీతాలు ఎక్కడ అతుక్కున్నాయి? నా మటుకు నాకు జవాబు పైనున్న పాటలో దొరకలేదు, అడుగున దొరికింది. మాంటెవర్డీ 1638లో అచ్చువేసిన ‘నింఫా విలాపం’ తీసుకోండి, ఒక వనకన్య ఏడుపు పాట అది. అడుగున నాలుగే స్వరాలు, మెట్లు దిగినట్టు దిగుతాయి. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఆ పిల్ల పాడినంతసేపూ మారవు. పైన గొంతు మాత్రం వాటికి ముందుగా పోతుంది, వెనకబడుతుంది, వాటితో గొడవ పడుతుంది. ఆమెకు లయ చేతి లెక్కతో కాదు, మనసు లెక్కతో అని మాంటెవర్డీయే రాసిపెట్టాడు. ఇక కాంగో రుంబాలో పాట సగమయ్యాక సెబెన్ అనే ఘట్టం వస్తుంది. గిటార్లు ఒక చిన్న ముక్కను పట్టుకుని తిప్పుతూ పోతాయి, దాని మీద జనం ఆడతారు. అడుగున మారనిదొకటి, పైన మారుతూ ఉండేదొకటి. రెండుచోట్లా కట్టడం ఒకటే.

ఇంకొక పోలిక. బరోక్ స్వరకర్త హార్ప్సికార్డ్ వాద్యకారుడికి మంద్రస్వరాల వరుసా, వాటి దగ్గర కొన్ని అంకెలూ రాసి ఇచ్చేవాడు. మిగతాది వాద్యకారుడు అప్పటికప్పుడు నింపుకోవాలి. గాయకులు కూడా పాట మొదటి భాగం తిరిగి వచ్చినప్పుడు సొంత నగిషీలు చెక్కేవారు. పల్లవిని సంగతులతో విన్న మన చెవికి ఇది కొత్త కాదు. వంగామా లాంటి గిటారిస్టుకు ఆ ఖాళీని నింపడం పుట్టుకతో వచ్చిన విద్య.

అన్ని కలయికలూ ఇలా కుదరవు. 1990లలో ‘లంబరెనా’ అనే ఆల్బం వచ్చింది. గబాన్ దేశంలోని ఆ పేరుగల ఊళ్ళో ఆసుపత్రి పెట్టి, 1965లో అక్కడే కన్నుమూసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ జ్ఞాపకార్థం చేసినది. ఆయన వైద్యుడు, స్వరకర్త బాఖ్ సంగీతం మీద గ్రంథం రాసిన ఆర్గన్ వాద్యకారుడు కూడా. ఫ్రెంచి సంగీతకారుడు హ్యూగ్ ద కూర్సోన్, గబాన్ గాయకుడు పియెర్ అకెండెంగే కలిసి బాఖ్ రచనలకు గబాన్ పాటలు జతచేశారు. బాఖ్ ‘సెయింట్ జాన్ పాషన్’లో సైనికులు క్రీస్తు వస్త్రం కోసం చీట్లు వేసుకునే బృందగానం ఉంది. దానికి గబాన్ గానం తోడైనచోట ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే బాఖ్ అడుగున పరుగెత్తే స్వరాలు ముందే ఉంచాడు, డప్పు వాటిని పట్టుకుంది. మరికొన్ని చోట్ల మాత్రం రెండు సంగీతాలూ పక్కపక్కన కూర్చుని పలకరించుకోకుండా లేచిపోతాయి. ఉన్న పాట కింద డ్రమ్ము పరిచినంత మాత్రాన కలయిక కాదు.

కాబట్టి మీకొక విన్నపం. ఈ పాటల్లో ఏది దొరికినా రెండుసార్లు వినండి. మొదటిసారి గాయకుణ్ణి పూర్తిగా వదిలేసి, అడుగున ఏం తిరుగుతోందో అది మాత్రమే వినండి. రెండోసారి గొంతు వినండి. మొదటిసారి మీ కాలు కదలకపోతే, రెండోసారికి తొందరపడకండి.