గాలిమర నెక్కడ నిలుపవలెను?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



"అయ్యవారూ, మా మేడపైన చిన్న గాలిమరను పెట్టించుకొనవచ్చునా?" అని మీలో పలువురు నన్ను అడుగుచున్నారు. ఉడుమలపేట ప్రాంతమున నివసించు మనకు ఈ కోరిక కలుగుట సహజమే. నీలగిరులకును ఆనమలై కొండలకును నడుమ సుమారు 30 కిలోమీటర్ల వెడల్పు గల పాలఘాటు కనుమగుండ నైరృతి ఋతుపవనములు మన పొలములపైకి దూసికొని వచ్చును. ఆడిమాసపు గాలికి సన్నెకల్లు సైతము ఎగురునని మన తమిళ సోదరులు ఊరక అనలేదు. చుట్టును పెద్ద గాలిమరలు తిరుగుచుండగా, మన యింటను ఒకటి తిరిగిన బాగుండునని ఎవరికి తోచదు?

నాకును తోచినది. కొన్ని సంవత్సరముల క్రిందట, కూడబెట్టిన సొమ్ములో కొంత వెచ్చించి, మా మేడపై నీటితొట్టి ప్రక్కన ఒక చిన్న గాలిమరను నిలిపితిని. దానికి పడమట పెద్ద వేపచెట్టు కలదు. వీధిలో ధూళి రేగుచున్నను, మా చక్రము ఒకమారు తూర్పునకు, ఒకమారు ఉత్తరమునకు మొగము త్రిప్పుచు తడబడుచుండెను. రాత్రివేళ దాని అదురు గోడలగుండ దిగి మా తల్లిగారిని నిద్రపోనీయలేదు. ఏడాది తిరుగకమునుపే దానిని దింపించితిని. యంత్రమున దోషము లేదు; దోషమంతయు నేనెంచిన చోటునందే యున్నది.

ఇందలి శాస్త్రము మన పిల్లలకు తెలిసినంత సులభమైనదే. గాలివేగము రెట్టింపైనచో, అందలి శక్తి ఎనిమిది రెట్లగును. ఆ శక్తినంతయు ఏ చక్రమును గ్రహింపజాలదు. నూటికి 59 పాళ్లకు మించి సాధ్యము కాదని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ గణించెను. చిన్న యంత్రము నూటికి 30 పాళ్లు గ్రహించినచో మేలే. ఆ లెక్కన 3 మీటర్ల వ్యాసము గల చక్రము, సెకనుకు 3 మీటర్ల వేగము గల గాలిలో సుమారు 35 వాట్లు ఇచ్చును. 5 మీటర్ల గాలిలో సుమారు 160 వాట్లు ఇచ్చును. వేగమున కొద్దిపాటి భేదమే ఫలితమున ఇంత భేదమును కలిగించుచున్నది.

ఏటిలో బండ వెనుక నీరు సుడులు తిరుగునట్లే, ఇంటి వెనుకను చెట్టు వెనుకను గాలి సుడులు తిరుగును. ఆ సుడి, అడ్డమైన దాని ఎత్తునకు రెండింతల ఎత్తువరకును, గాలి పోవు దిక్కున ఇరువదింతల దూరమువరకును వ్యాపింపవచ్చును. అనగా 6 మీటర్ల ఇల్లు 120 మీటర్ల దూరమువరకు గాలిని చెడగొట్టగలదు. అందుచేత, చుట్టును 150 మీటర్లలోపల నున్న ప్రతి ఇంటికంటెను చెట్టుకంటెను, చక్రపు రెక్క క్రింది కొన కనీసము 9 మీటర్లు ఎత్తుగా నుండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. చెట్టు నేడున్న ఎత్తును గాక, పెరిగినపుడు ఉండబోవు ఎత్తును లెక్కింపుడు.

ఈ విషయము తెలిసికొనుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. మన ఎనిమిదవ తరగతి పిల్లలు పొడవైన వెదురుగడకు రెండేసి మీటర్లకొక గుడ్డపేలిక కట్టి ఆటస్థలమున నిలిపిరి. క్రింది పేలికలు నలుదిక్కుల కొట్టుకొనెను. పైది మాత్రము సూటిగా తూర్పునకు సాగి నిలిచెను. గాలిమరకు కావలసినది ఆ పై గాలియే.

అయినను పేలిక దిక్కునే చూపును, లెక్క చెప్పదు. సొమ్ము వెచ్చింపకమునుపు, చక్రము నిలువబోవు ఎత్తున వేగమాపక యంత్రముతో ఒక ఏడాది కొలిపింపుడు. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థవారి పటములు ప్రాంతపు గాలిని తెలుపును గాని, అవి ఎత్తైన స్తంభములకై చేయబడినవి. మీ పెరటి సంగతి చెప్పవు. స్తంభము కూలినను ఇంటిపైగాని, బాటపైగాని, విద్యుత్తు తీగలపైగాని పడకుండునట్లు, దాని ఎత్తునకు సమానమైన ఖాళీ చుట్టును ఉండవలెను. పిడుగులనుండి కాపాడుటకు భూమిలోనికి తీగ దింపవలెను. స్తంభము మిక్కిలి దూరమైనచో తీగలయందే కొంత శక్తి నష్టమగును.

ఇంత చోటు పొలమున్నవారికి దొరకును. వీధిలో ఇల్లున్నవారికి దొరకుట అరుదు. అట్టివారికి సూర్యఫలకములే మేలని నిస్సంకోచముగ చెప్పుచున్నాను. మన గాలి మే చివరినుండి సెప్టెంబరువరకే ప్రబలముగ వీచును. ఎండ ఏడాది పొడవునను ఉండును.

పిల్లల చదువునకై దాచిన సొమ్మును, పొరుగువాని చక్రము తిరుగుచున్నదని వెచ్చింపకుడు. మీ పెరటిలో వెదురుగడ నిలిపి కొలుచుటకు మన విద్యార్థులు సిద్ధముగ నున్నారు, వారిని పిలువుడు. వారు నేర్చిన పాఠము మీ ఇంటికి అక్కరకు వచ్చుటకంటె ఈ పాఠశాలకు వేరొక గౌరవము లేదు.