పొగ పరీక్షలో తప్పిన పాత కారు
(ఖరగ్‌పూర్‌లో కార్మిక సోదరుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆవిరి ఇంజనుపై పనిచేసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. చిమ్నీ నుండి నల్లపొగ వచ్చినచో బొగ్గు ఎక్కువైనదనియో, గాలి చాలలేదనియో ఫైర్‌మన్‌కు ఒకరు చెప్పనక్కరలేదు. పెట్రోలు కారుకును ఇదే న్యాయము. తేడా యేమనగా, ఇక్కడ అసలు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కంటికి కానరాదు, వాసనయు లేదు.

మేము కొందరము కలసి ఒక పాత కార్బురేటర్ మారుతీ 800 నడుపుచున్నాము. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసిన ఇరుగుపొరుగు వారికి అదే దిక్కు. గత చలికాలములో అది పొల్యూషన్ పరీక్షలో తప్పినది. ఒక మెకానిక్ ఇంజను విప్పవలెననెను. మరియొకరు బండి తేకుండగనే సర్టిఫికెట్ ఇప్పింతుననెను! మేము రెండింటికిని ఒప్పుకొనక పరీక్ష చీటీని చదివితిమి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 115వది ఈ పరీక్షకు ఆధారము. భారత్ స్టేజ్ రెండుకు ముందటి పెట్రోలు కార్లకు ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నపుడు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతము, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లలో 1500 పాళ్లు మించరాదు. స్కూటర్లకు లెక్క వేరు. మా చీటీలో మొదటి అంకె 4.6, రెండవది పరిమితిలోనే ఉన్నది.

ఈ రెండు అంకెలే రోగనిర్ణయము. మొదటిది మాత్రమే పెరిగినచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ: ఎయిర్ ఫిల్టర్, చోక్, కార్బురేటర్ ఫ్లోట్ చూడవలెను. రెండవది మాత్రమే పెరిగినచో పెట్రోలు మండకయే బయటికి పోవుచున్నది: స్పార్క్ ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్, వాల్వులు చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిల్ మండుచున్నదని అర్థము. దానికి మాత్రము ఖర్చు తప్పదు. మిక్స్చర్ స్క్రూ జోలికి చిట్టచివరనే పోవలెను. పెట్రోలును మరీ తగ్గించినచో మంట తడబడి రెండవ అంకె పెరుగును. మెకానిక్కులు మొదట త్రిప్పునది ఆ స్క్రూనే!

మా బండి ఫిల్టర్‌లో ఖరగ్‌పూర్ ఎర్రమట్టి అంతయు చేరియున్నది. చోక్ తీగ పట్టివేసినందున అది పూర్తిగా వెనుకకు పోవుటలేదు. ఫిల్టర్ మార్చి, తీగకు నూనె వేసి, ఇరువది నిమిషములు నడిపి ఇంజను వేడెక్కిన పిదప పరీక్ష చేయించితిమి. 2.1 వచ్చినది. మొదటిసారి చల్లని ఇంజనుతోనే పోవుట మా పొరపాటు.

పరీక్ష లేని సర్టిఫికెట్ మాట. సర్టిఫికెట్ లేనిచో 2019 సవరణ చట్టము ప్రకారము జరిమానా పదివేల రూపాయల వరకు ఉండవచ్చును. కావుననే అడ్డదారి ఆశ పుట్టును. కాని ఈ వాయువు రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. సైలెన్సర్ గొట్టము చిల్లుపడి అది కారులోనికి వచ్చినచో, వెనుక సీటుపై పడుకొన్న రోగి పీల్చునది దానినే. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుట ప్రాణాంతకము.

వచ్చు ఆదివారము ఉదయము బండ్లు తెచ్చువారికి ఫిల్టర్, చోక్, ప్లగ్గులు మేమే చూచి పెట్టెదము. తపాలా సోదరుల స్కూటర్లను కూడ చూచెదము. పాత పరీక్ష చీటీని మరువక తీసుకొని రండు.