జీడిపప్పు ధరలో అమ్మ వాటా

(ప్రాథమిక పాఠశాలలతో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఫెయిర్ ట్రేడ్', అంటే న్యాయమైన వ్యాపారం గురించి చిన్నపిల్లలకు చెప్పడానికి ఇంగ్లండులో కాఫోడ్ అనే సహాయ సంస్థ ఒక ఆట తయారుచేసింది. అరటిపండు ధర 30 పెన్నీలు. పిల్లలు అయిదు గుంపులవుతారు: తోటకూలీ, తోట యజమాని, ఓడ కంపెనీ, దిగుమతిదారు, దుకాణదారు. తమ పనికి ఎంత రావాలో ఎవరికి వారు చెప్పుకుంటారు. అందరూ అడిగింది కూడితే 30 దాటిపోతుంది. ఇక బేరాలు, వాదనలు. చివరికి టీచరు లెక్క విప్పుతుంది: దుకాణానికి 13, దిగుమతిదారుకి 7, యజమానికి 5, ఓడకి 4, కూలీకి ఒక్క పెన్నీ.

మంచి ఆట. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. ఆ తర్వాత వచ్చే పాఠంతోనే నాకు పేచీ. ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉన్న పండు కొనమని చెప్పి చాలాచోట్ల ముగిస్తారు. బ్రిటన్‌లో ఆ ముద్ర 1994 నుంచి ఉంది. రైతుకు కనీస ధర, దానిపైన ఉమ్మడి అవసరాలకు కొంత అదనపు సొమ్ము. ఇవి తక్కువవేమీ కావు. కానీ అది కొనేవాళ్ల పిల్లలకు రాసిన పాఠం. మన సర్కారు బడిలో కూర్చున్నది పనిచేసేవాళ్ల పిల్లలు.

పలాసలో ఈ ఆట జీడిపప్పుతో ఆడించారనుకోండి. గింజ పగలగొట్టడం, పొట్టు తీయడం, గుండూ బద్దా వేరుచేయడం చాలావరకు ఆడవాళ్ల పని. పెంకులోని జీడి చేతుల్ని పొక్కిస్తుంది. ఆ చేతుల్ని రోజూ ఇంట్లో చూసే పిల్లలు ఆ తరగతిలో ఉంటారు. మరి కూలీ పాత్ర ఎవరికిస్తారు? కూలీ కూతుర్ని దుకాణదారుని చేయండి, దుకాణదారు కొడుకుని కూలీని చేయండి. "మీ అమ్మకెంత ఇస్తారు?" అని మాత్రం నలుగురిలో అడగొద్దు. పిల్ల తలదించుకుంటే ఆట అక్కడితో పోయింది. కూలి రేట్లు, బజారు ధరలు టీచరే ముందుగా కనుక్కుని రావాలి.

ఇంకో లోటుంది. ఆ అయిదు పాత్రల్లో కూలీకి పొద్దున్నే అన్నం వండిపెట్టిన మనిషి లేదు. ఆరో పీట వేయండి. ఆమె వాటా ఎంత అని అడగండి. "అది పని కాదు కదా" అంటారు పిల్లలు. తొందరపడి సరిదిద్దకండి, వాదించుకోనివ్వండి. పెద్దవాళ్ల సంఘాల్లోనూ ఇదే చిక్కు. భూమిని బట్టి సభ్యత్వం ఇచ్చేచోట, పట్టా భర్త పేర ఉంటే, అదనపు సొమ్ము దేనికి ఖర్చుపెట్టాలో ఓటు వేసేది ఆయనే. ముద్ర వేసినంత మాత్రాన అది మారదు.

అంత దూరం దేనికి, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఇచ్చేది జీతం కూడా కాదు, 'గౌరవ వేతనం'. ఆట అయ్యాక పిల్లలు ఆమె సంగతి ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఇవన్నీ పిల్లలకెందుకని హెడ్మాస్టారు కబురుపెడతారు. అంతకుముందే వంట చేసే ఆడవాళ్లతో ఒక పూట కూర్చోండి. తమ విషయం ఎంతవరకు బయటికి రావచ్చో తేల్చుకోవలసింది వాళ్లు, మనం కాదు.